అడవే సైకిల్ దగ్గరికి వచ్చింది

మొదట కనిపించింది బెల్లు. సైకిల్ కాదు, ఒట్టి బెల్లు. అది బెల్లని కూడా వెంటనే తెలియలేదు. నడుమెత్తున అల్లుకుపోయిన తీగల్లో గోరంత మెరుపు కనబడింది, అంతే. ఎవరో తాగి విసిరేసిన డబ్బా అనుకున్నాను. అడవిలో నడిచేటప్పుడు జేబులో ఒక ఖాళీ సంచి పెట్టుకుని, దారిలో కనిపించిన చెత్త ఏరుకుంటూ పోవడం నాకు అలవాటు. గొప్ప ఆదర్శమేమీ కాదు, నాలుగుసార్లు వంగి లేస్తే నడుముకు మంచిదని. చెయ్యి పెట్టి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే తీగలన్నీ ఒక్కసారిగా కదిలి, వాటి వెనక హ్యాండిల్ కొమ్ము బయటపడింది.

ఆ తర్వాత అరగంట సేపు ఆకులు ఎత్తిపోస్తూనే ఉన్నాను. ఒక్కో పొర తీసేకొద్దీ సైకిల్ కొంచెం కొంచెంగా తేలింది. బ్రేకు కడ్డీలు, ఫోర్కు, మట్టిలో దిగబడిన ముందు చక్రం. సీటు తోలు ఎప్పుడో పోయింది, రెండు లావుపాటి స్ప్రింగులూ వాటిని కలిపే ఇనప చట్రమూ మిగిలాయి. వెనక మడ్‌గార్డు అంచు పట్టుకుంటే ఎండుటాకులా తునిగిపోయింది. చైను ఒక్క ముక్కగా బిగుసుకుపోయి కడ్డీలా ఉంది. వీటన్నిటి మధ్యలో, ఫ్రేము త్రికోణంలోంచి ఒక చెట్టు మొలిచి, నా తొడంత లావున పైకి పోయింది. బెరడు రెండు వైపులా గొట్టాల మీదికి పెదవుల్లా పొర్లింది. సైకిల్ ఇన్నేళ్లు పడిపోకుండా నిలబడిందంటే ఆ చెట్టు పట్టుకోబట్టే.

ఫొటో తీశాను. ఎవరికి చూపించినా అటూ ఇటూగా ఒకే మాట అన్నారు: "ప్రకృతి తనది తాను వెనక్కి తీసుకుంది." వదిలేసిన సైకిల్ని అడవి ఒళ్లోకి తీసుకుందట. వినడానికి బాగుంది. కానీ ఆ మాటలో ప్రతి ముక్కా తప్పే అని నాకు ఆ సైకిల్ పక్కన కూర్చున్న రోజుల్లో నెమ్మదిగా అర్థమైంది. అది వదిలేసిన సైకిల్ కాదు. అడవిలోకి వచ్చిన సైకిలూ కాదు.

రెండోదాన్నే ముందు చెబుతాను, తేలిక కాబట్టి.

అది బరువైన పాత రోడ్డు సైకిల్. కేబుళ్లు కాకుండా కడ్డీలతో లాగే బ్రేకులు, పెద్ద చక్రాలు, లావు గొట్టాలు. ఇలాంటివి తక్కువలో తక్కువ పదహారు, పద్దెనిమిది కిలోలు తూగుతాయి. ఇప్పుడు అది ఉన్నచోట మనిషి ఒళ్లు దాచుకుని పక్కకు తిరిగితే గానీ దూరలేడు. అంత బరువున్నదాన్ని ఎవడూ భుజాన వేసుకుని, తీగలు తెంపుకుంటూ అంత లోపలికి తేడు. తొక్కుకుంటూ రావడం అసలే కుదరదు. అయినా అది అక్కడుంది. మరి ఎలా వచ్చింది? తొక్కుకుంటూనే వచ్చింది. వచ్చిన రోజున అక్కడ దారి ఉంది.

సైకిల్ ఉన్నచోట ఒకప్పుడు దారి ఉండాలి. ఇంత సులువైన సంగతి నాకు తట్టడానికి రెండు వారాలు పట్టింది. అడవి అంటే ఎప్పటినుంచో ఉన్నదని, మనుషులూ వాళ్ల సామాన్లూ తర్వాత వచ్చాయని మన బుర్రలో ఒక బొమ్మ ఉంటుంది. అన్నిచోట్లా అది నిజం కాదు. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ అడవుల్లో మైళ్ల కొద్దీ రాతి గోడలు కనిపిస్తాయి. అడవి మధ్యలో గోడ ఎవడు కడతాడు? ఎవడూ కట్టడు. 19వ శతాబ్దంలో అదంతా పొలాలు, పశువులు మేసే బయళ్లు. రైతులు పడమటి భూములకూ పట్నాలకూ వెళ్లిపోయాక చెట్లు వచ్చి గోడల్ని మింగాయి. వయసులో గోడలు పెద్దవి, చెట్లు చిన్నవి. నా సైకిల్ విషయంలోనూ అంతే. (నా సైకిల్ అనేశాను. కాదు. దానికి తర్వాత వస్తాను.)

త్రికోణంలో మొలిచిన చెట్టుకు కొద్ది దూరంలో అదే జాతి చెట్టు ఒకటి గాలికి పడితే ఎవరో రంపంతో కోసినట్టున్నారు, మొద్దు మిగిలింది. లావు దాదాపు అంతే. కూర్చుని వలయాలు లెక్కపెట్టాను. మొదటిసారి 39, రెండోసారి 41. నా కళ్లద్దాలు మార్చాల్సిన టైం వచ్చింది, దాని సంగతి వదిలేయండి. ఒకే లావున్న రెండు చెట్లకు ఒకే వయసు ఉండాలని లేదు, నీడా నీళ్లూ తేడా చేస్తాయి. అయినా ఒక అందాజు దొరికింది. చుట్టూ ఉన్న చెట్లలో వీటికన్నా మరీ లావైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే ఇక్కడి చెట్లు చాలావరకు ఈ సైకిల్ ఆగిన తర్వాతే పెరిగాయి. ఈ చోట సైకిల్ పాత కాపు, అడవి కొత్తగా దిగింది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పకపోతే మనసాగదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో వాషన్ అనే ద్వీపం మీద ఒక ప్రసిద్ధమైన చెట్టు ఉంది, దాని మానులో పిల్లల సైకిల్ ఒకటి ఇరుక్కుపోయి, మనిషి తలకంటే ఎత్తున వేలాడుతుంటుంది. 1950లలో ఒక పిల్లాడు చెట్టు పక్కన వదిలేసి పోయాడని, చెట్టు పెరుగుతూ దాన్ని పైకి ఎత్తుకుపోయిందని కథ. మొదటి సగం నిజమే కావచ్చు, రెండో సగం మాత్రం చెట్లకు చేతకాని పని. చెట్టు ఎత్తు పెరిగేది కొమ్మల కొసల్లోనే. మాను లావెక్కుతుంది కానీ లేచి నిలబడదు. మీరు చిన్నప్పుడు మీ భుజం ఎత్తులో చెట్టుకు ఒక మేకు కొడితే, మనవళ్లను తీసుకెళ్లి చూపించే రోజుకీ అది అదే ఎత్తులో ఉంటుంది. బెరడు కింద కేంబియం అనే పలచటి పొర ఏటా కొత్త కలపను పక్కలకు పేరుస్తుంది. అడ్డు తగిలితే చుట్టూ పొర్లి కమ్ముకుంటుంది. మింగడం వచ్చు, ఎత్తడం రాదు. కాబట్టి అంత ఎత్తున సైకిల్ ఉందంటే దాన్ని అక్కడ తగిలించింది మనిషే. స్కాట్లండ్‌లో బ్రిగ్ ఓ టర్క్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర పెరిగిన చెట్టు కూడా ఇలాగే ఒక సైకిల్నీ, ఇంకా ఏవేవో ఇనప సామాన్లనూ కడుపులో వేసుకుంది.

నేను చూసిన చెట్టు ఇంకో రకం. దానికి ఎవరూ ఏమీ తగిలించలేదు. నిలబడి ఉన్న సైకిల్ త్రికోణంలోంచి మొక్కగా లేచి, లావెక్కి, పైగొట్టాన్నీ కిందిగొట్టాన్నీ తాకి, ఆగకుండా వాటినీ కమ్ముకోవడం మొదలుపెట్టింది. సైకిల్ ఎత్తు అంగుళం కూడా మారలేదు.

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. వదిలేసిన సైకిల్.

రెండోసారి వెళ్లినప్పుడు పాత టూత్‌బ్రష్షూ, ఒక చిన్న ఇత్తడి బ్రష్షూ, మెషిన్ ఆయిలూ పట్టుకెళ్లాను. ఇది ఏ కాలం సైకిలో తేల్చుకోవాలని. సైకిల్ ఆకారం చూసి ఏడాది చెప్పడం కష్టం. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ బయటికి తెచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ బొమ్మ పెద్దగా మారలేదు: దాదాపు సమానంగా ఉన్న రెండు చక్రాలు, మధ్యలో పెడళ్లు, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చి చేరింది. ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లకు పైగా మనం తొక్కుతున్నది దాదాపు అదే. కాబట్టి వయసు చెప్పాల్సింది విడిభాగాలే.

హ్యాండిల్ గొట్టం ముందు కంపెనీ బిళ్ల లేదు, రెండు రివెట్ల రంధ్రాలు ఉన్నాయి. క్రాంకులు, అంటే పెడళ్లను మోసే చేతులు, కాటర్ పిన్నులనే చీలలతో బిగించినవి. చువ్వలు లెక్కపెట్టాను, విరిగినవీ ఊడినవీ ఉన్నాయి కాబట్టి రంధ్రాల లెక్కన ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. ఇది పాత ఇంగ్లిష్ పద్ధతి. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీద పడుతుంది కాబట్టి దానికి ఎనిమిది ఎక్కువ. వెనక హబ్బు, అంటే చక్రం నడుమ చువ్వలన్నీ కలిసే డబ్బా, లావుగా ఉండటం చూసి గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. బ్రష్‌తో రుద్దితే అక్షరాలు తేలాయి. స్టర్మీ ఆర్చర్, ఇంగ్లండ్, ఏడబ్ల్యూ. పక్కన 57, దాని పక్కన 4.

ఏడబ్ల్యూ అంటే స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1936లో మొదలుపెట్టిన మూడు గేర్ల హబ్బు. గేర్లన్నీ లోపలే ఉంటాయి, బయటికి ఏమీ కనబడదు. నాకు ఈ యంత్రమంటే ప్రాణం, కాబట్టి ఒక్క పేరా ఓపిక పట్టండి. ఇరుసుకు కదలకుండా అంటుకుని 20 పళ్ల చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని సూర్యుడంటారు. దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు గ్రహాలు, వాటికీ 20 పళ్లే. వీటన్నిటినీ చుట్టి లోపలివైపు 60 పళ్లున్న పెద్ద వలయం. మీరు గ్రహాల చట్రాన్ని ఒక చుట్టు తిప్పితే వలయం ఒకటీ మూడోవంతు చుట్లు తిరుగుతుంది. అది పై గేరు. తిరగేసి వలయాన్ని తిప్పితే చట్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది. అది ఎత్తు ఎక్కే గేరు. మధ్యది ఎంతకంతే. ఒక గుప్పెడు పళ్లచక్రాలతో మూడు దారులు. ఇంత చిన్న డబ్బాలో ఇంత తెలివి పెట్టినవాళ్లు దాని మీద తారీఖు కూడా కొట్టి పంపారు: ఏడాది, నెల. 57, 4 అంటే 1957 ఏప్రిల్.

అది హబ్బు పుట్టిన తేదీ. సైకిల్‌ది అదే కావాలని లేదు, చక్రం మార్చి ఉండొచ్చు. కానీ చక్రం మీద నల్లరంగు గీతలూ ఫ్రేము రంగూ కలిశాయి, కాబట్టి ఒకే కాలం వాటివనే నా నమ్మకం. 1957లో హబ్బు తయారైంది, చెట్టు మొలిచి సుమారు నలభై ఏళ్లయింది. మధ్యలో చాలా ఏళ్లు ఈ సైకిల్ని ఎవరో తొక్కారు. తొక్కారనడానికి ఆనవాళ్లున్నాయి. వెనక పళ్లచక్రం పళ్లు అరిగి కొక్కేల్లా వంగాయి. చైన్‌కవర్‌కు ఒకచోట ఇనప తీగ చుట్టి బిగించి ఉంది, తీగ కొసల్ని బట్టలకు గుచ్చుకోకుండా లోపలికి మడిచారు. ఆ మడత చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. వస్తువును గిరాటేసే మనిషి తీగ కొసల్ని అలా మడవడు.

అప్పుడు తాళం కనిపించింది.

వెనక చక్రానికి, సీటు కింద ఫ్రేముకు బిగించే గుండ్రటి తాళం. దాని నాలుక చువ్వల మధ్యలోంచి దూరి అవతలి వైపు పడి ఉంది. వేసి ఉంది. తాళంచెవి లేదు. ఇంకాస్త కింద ఆకులు తీస్తే స్టాండు. రెండు కాళ్ల స్టాండు, వెనక చక్రాన్ని నేలకు తాకకుండా లేపేది. అదీ వేసే ఉంది. కాళ్లు మట్టిలోకి కొంచెం దిగబడ్డాయి, అంతే.

స్టాండు వేసి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని వెళ్లిన మనిషి సైకిల్ని వదిలేయలేదు. ఆపాడు. కాసేపట్లో వస్తానని ఆపాడు. ఆపడానికీ వదిలేయడానికీ ఎంత తేడా ఉందో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు అక్కర్లేదు.

నిజంగా వదిలేసిన సైకిళ్లు ఎలా ఉంటాయో ప్రపంచానికి బాగా తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లోంచి ఏటా 12 నుంచి 15 వేల సైకిళ్లు కొక్కేల క్రేనుతో తీస్తారు. 2016 జనవరిలో పారిస్‌లో సెయింట్ మార్టిన్ కాలవ నీళ్లు తోడేసినప్పుడు అడుగున బురదలో ఒకదాని మీద ఒకటి సైకిళ్లే. కొన్ని దొంగిలించి విసిరేసినవి, కొన్ని తాగిన మైకంలో తోసేసినవి, కొన్ని గాలికి పడ్డవి. వాటిలో దేనికీ స్టాండు వేసి ఉండదు. విసిరేసిన వస్తువు ఎక్కడ పడితే అక్కడ, ఎలా పడితే అలా ఉంటుంది. ఈ సైకిల్ బుద్ధిగా నిలబడి ఉంది.

ఆ మనిషి ఎందుకు రాలేదు? నాకు తెలియదు, ఊహించి కథ అల్లే ఉద్దేశమూ లేదు. ఇలాంటి చోట కథ అల్లడం చాలా తేలిక. అందుకే దానికి దూరంగా ఉన్నాను.

నాకో స్నేహితుడున్నాడు, పాత సైకిళ్లు బాగుచేయడమే వాడి సెలవురోజు. మూడోసారి వాణ్ని తీసుకెళ్లాను. చూసి పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత సంచిలోంచి రంపం తీశాడు.

"ఒరేయ్, అదెందుకు?"

"చెట్టు కోద్దాం. అడవిలో చెట్లకేం తక్కువ? ఇది ఒక్కటే కదా ఉన్నది."

వాడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. యంత్రం తిరగడానికి పుట్టింది, నిలబడి కుళ్లిపోవడానికి కాదు అంటాడు. ఏమేం చేయొచ్చో అక్కడే లెక్కచెప్పాడు. చిన్న భాగాల తుప్పును ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో నానబెట్టి కరిగించొచ్చు, అది విషం కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. పెద్దవాటికి వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ ఛార్జరు పెట్టి విద్యుత్తుతో తుప్పు వదిలించొచ్చు. క్రోమియం పూత ఉన్నచోట అల్యూమినియం రేకును తడిపి రుద్దితే చాలు. బిగుసుకుపోయిన నట్లకు నూనె, వేడి, ఓపిక. నట్లు ఎందుకు అంతలా బిగుసుకుంటాయో వాడే చెప్పాడు: ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందుకంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరల సందుల్లో ఆ చోటు ఉండదు, కాబట్టి తనను తానే నొక్కుకుంటుంది.

కానీ ఫ్రేము కింద, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం దగ్గర స్క్రూడ్రైవర్‌తో తడితే టంగుమనలేదు. మెత్తగా లోపలికి దిగింది. ఫ్రేములోకి చేరిన నీళ్లన్నీ జారి అక్కడే నిలుస్తాయి, పాత సైకిళ్లు లోపలినుంచి చచ్చేది అక్కడే. వాడి మొహం వాడిపోయింది. "తొక్కడానికి పనికిరాదురా" అన్నాడు. అయినా హబ్బు విప్పుకుని పోదామన్నాడు.

నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడికి అక్కడ సరిగా చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతాను. ఇలాంటి సైకిల్ ఒక్కటే ఉందన్న మాట నిజం కాదు. ఈ రకం రోడ్డు సైకిళ్లు లక్షల్లో తయారయ్యాయి, ఆ హబ్బయితే అంతకంటే ఎక్కువ. పాత సామాన్లు దొరికే చోట వెతికితే ఇంతకంటే మంచి స్థితిలో ఉన్నది దొరుకుతుంది. వింటేజ్ అనే మాట మనల్ని ఇక్కడే మోసం చేస్తుంది. డొక్కుకూ వింటేజ్‌కూ తేడా ఏంటంటే కొనేవాడు ఉన్నాడా లేదా అన్నదే. ఈ సైకిల్‌లో అరుదైనదల్లా అది నిలబడ్డ తీరు. స్టాండు, తాళం, త్రికోణంలో చెట్టు, ఒకప్పటి దారి. ఈ నాలుగూ కలిసి ఉన్నంతసేపే అది ఏదైనా చెబుతుంది. తవ్వకాలు చేసేవాళ్లు కుండపెంకును పెకలించే ముందు అది ఏ పొరలో, దేని పక్కన ఉందో ఎందుకు రాసుకుంటారో నాకు ఆ రోజు అర్థమైంది. పొర నుంచి తీసేస్తే అది ఒట్టి పెంకు. హబ్బు విప్పి ఇంటికి తెస్తే నా బల్ల మీద ఒక హబ్బు ఉంటుంది. అలాంటివి వాడి షెడ్డులో ఇప్పటికే ఆరున్నాయి.

"మరి బాటిళ్లు ఏరుతావుగా, అవి కూడా చరిత్రే కదా" అని వాడు ఎత్తిపొడిచాడు. నిజం చెప్పాలంటే దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను ఏరే బాటిల్ నాకు తెలియనిది ఏదీ చెప్పదు, ఎవడో తాగాడు, పడేశాడు. ఇనుము మట్టిలో కలిస్తే మట్టికి పెద్దగా నష్టం లేదు, ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే దానివల్ల. అయితే పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అందుకే ఫ్రేము రంగును నేను ఎక్కడా గీకలేదు. ఇంతవరకే నా సమర్థన. మిగతాది ఇష్టం, దానికి తర్కం పేరు పెట్టను.

ఇక అది ఎవరిది అన్న గొడవ. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటాం గానీ, దొరికిన వస్తువు సంగతి మీద న్యాయస్థానాలు మూడు వందల ఏళ్లుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నాయి. 1722లో ఇంగ్లండ్‌లో పొగగొట్టాలు ఊడ్చే ఒక కుర్రాడికి రాళ్లు పొదిగిన నగ దొరికింది. విలువ కట్టించుకుందామని కంసాలి కొట్టుకు తీసుకెళ్తే అక్కడి పనివాడు రాళ్లు పీకేసి, చేతిలో చిల్లర పెట్టబోయాడు. కుర్రాడు తీసుకోలేదు, దావా వేశాడు, గెలిచాడు. ఆర్మరీ వర్సెస్ డెలమీరీ అని ఆ కేసు ఇప్పటికీ న్యాయ విద్యార్థులు చదువుతారు. తీర్పు సారం ఏంటంటే, దొరికినవాడు సొంతదారు కాడు, కానీ అసలు సొంతదారు తప్ప మిగతా లోకమంతటి కంటే అతనికే ఎక్కువ హక్కు. ఆ సంప్రదాయంలో పోగొట్టుకున్నది వేరు, ఎక్కడో పెట్టి మరిచిపోయింది వేరు, ఇక వద్దనుకుని వదులుకున్నది వేరు. పైగా నేల సొంతదారుకూ ఒక మాట ఉంటుంది. దేశాన్ని బట్టి ఇవన్నీ మారతాయి. కానీ వద్దనుకోవడమనేది మనసులో జరగాల్సిన పని అన్నది మాత్రం నాకు నచ్చింది. తాళం వేసినవాడు వద్దనుకోలేదు. ఆ తాళం విరగ్గొట్టి హబ్బు తీసుకుంటే నేను ఏమవుతానో నాకు తెలుసు.

అయినా అడగడం మర్యాద కదా అని ఆ అడవిని చూసుకునే ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల ఉన్నాయన ఓపిగ్గా విన్నారు.

"చెత్త అయితే తీసుకెళ్లిపోండి సార్, మాకు సంతోషమే. పురాతన వస్తువైతే మాత్రం ముట్టుకోకండి."

"చెత్తో పురాతనమో ఎవరు చెప్పాలండీ?"

కాసేపు ఏమీ వినబడలేదు. "అది మీరే చూసి చెప్పాలి సార్" అన్నారు.

ఆయన్ని నేను వెక్కిరించడం లేదు. అసలు ప్రశ్న అదే. చెత్త ఏ రోజున చరిత్ర అవుతుంది? అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరడానికి మామూలుగా 50 ఏళ్లు నిండాలి. అదే దేశంలో 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం కిందికి రావాలంటే 100 ఏళ్లు. నీటి అడుగు వారసత్వం మీద 2001లో యునెస్కో చేసిన ఒప్పందంలోనూ 100 ఏళ్లే. అంటే ఏదో ఒక వస్తువు నిన్నటిదాకా తుక్కు, తెల్లారి లేచేసరికి వారసత్వం. ఈ సైకిల్ మధ్యలో ఉంది. తుక్కుకు ముదిరిపోయింది, వారసత్వానికి ఇంకా ఈడు రాలేదు. అన్నట్టు సైకిల్‌కు తాతలాంటి బండిని 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో నడిపి చూపించిన కార్ల్ డ్రైస్ కూడా అటవీ అధికారే. పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. ఫోన్లో ఆయనకు ఈ సంగతి చెబుదామనుకున్నాను, కానీ అప్పటికే పెట్టేశారు.

అలా ఇద్దరం ఏమీ తేల్చలేదు కాబట్టి సైకిల్ అక్కడే ఉంది. అది కరిగిపోతుందని నాకు తెలుసు. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను గానీ క్రమం మాత్రం చూస్తే తెలుస్తోంది. తోలు ముందే పోయింది. పలచటి రేకులు, అంటే మడ్‌గార్డులు, చైన్‌కవరు, పోతున్నాయి. తర్వాత చువ్వలు, గొట్టాలు. టైరు రబ్బరు పగుళ్లు బారినా మొండిగా ఉంది. గంధకం కలిపి ఉడికించిన రబ్బరు మట్టికి అంత తొందరగా లొంగదు. అన్నిటికంటే చివరిదాకా ఉండేది హబ్బే కావచ్చు, దళసరి ఉక్కు కాబట్టి, లోపల ఒకప్పుడు పోసిన నూనె కాబట్టి.

ఆ నూనె సంగతి తలచుకున్నప్పుడే ఒక ఆలోచన వచ్చింది. హబ్బు నడుం మీద నూనె పోయడానికి చిన్న రంధ్రం ఉంటుంది, దానికి మూత. విప్పక్కర్లేదు, కొయ్యక్కర్లేదు, తాళం ముట్టుకోనక్కర్లేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు మూత చుట్టూ మట్టి తుడిచి, తెరిచి, మెషిన్ ఆయిల్ పది చుక్కలు వేసి మూసేశాను. వెనక చక్రం కింద పేరుకున్న మట్టిని చేత్తో తోడేశాను, స్టాండు మీద చక్రం గాల్లోకి వచ్చేదాకా. రిమ్ముకు అతుక్కుపోయిన బ్రేకు కట్టల్ని కొంచెం కదిలించి వదులు చేశాను. చక్రం తిరగలేదు. మూడు వారాలాగి వెళ్లి మళ్లీ పది చుక్కలు. అప్పుడూ తిరగలేదు. ఇలాంటి పని చేస్తున్నట్టు ఇంట్లో చెప్పలేదు. అడవికి వెళ్లి తాళం వేసిన పరాయి సైకిల్‌కు నూనె వేసి వస్తున్నానంటే ఏమనుకుంటారు?

నిన్న ఆరోసారి వెళ్లాను. వాన పడి వెలిసింది, తీగల నుంచి నీళ్లు కారుతున్నాయి. రిమ్మును రెండు చేతులతో పట్టుకుని ముందుకు తోశాను. కదిలింది. ఎంతో కాదు. ఒక చువ్వ వెళ్లి తాళం నాలుకకు తగిలేదాకా, రెండు చువ్వల మధ్య ఎడం ఎంతో అంత, నాలుగు సెంటీమీటర్లు ఉంటుందేమో. తగిలి ఆగిపోయింది. ఆగే ముందు హబ్బు లోపల పళ్ల మీద నుంచి ఏదో జారి పడిన చప్పుడు వినిపించింది.

టిక్.

వెనక్కి తిప్పి మళ్లీ తోశాను. మళ్లీ టిక్. ఇంకోసారి తోశాను. తాళం గట్టిగానే ఉంది.